తొలి గుడ్డు

పాఠ్యాంశ ఉద్దేశం: గుడ్డు పెంకు రంగు వెనుక ఉన్న చరిత్రను, శాస్త్రాన్ని పరిచయం చేయడం, కోడిపిల్లను తొలి గుడ్డు పెట్టే వరకు పెంచడంలో మనిషికి ఉండవలసిన ఓర్పును, బాధ్యతను విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

మానవుడు మచ్చిక చేసుకొన్న పక్షులలో కోడికి ఉన్నంత చనువు మరొక పక్షికి లేదు. ఆగ్నేయాసియా అడవులలో తిరిగే ఎర్ర అడవికోడి సంతతి వేల సంవత్సరాల కిందట మనిషి వాకిట్లోకి వచ్చింది. అతనితోపాటే సముద్రాలు దాటి ప్రపంచమంతటా విస్తరించింది. తెలుగు సాహిత్యంలో కోడి ప్రసక్తి వచ్చినప్పుడు ముందుగా గుర్తుకు వచ్చేది పుంజే. పల్నాటి వీరచరిత్రలో నాయకురాలు నాగమ్మకు, బ్రహ్మనాయుడికి నడుమ జరిగిన కోడిపోరు రాజ్యం తలరాతనే మార్చింది. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల వర్ణనలో కోడిపందేనికి చోటు దక్కింది. పోరులో గెలిచిన పుంజును కవులు కీర్తించారు. పెరటిలో నూకలు ఏరుకొని, గంపలో గుడ్డు పెట్టి, ఇంటి పోషణకు ఆసరాగా నిలిచిన పెట్ట మాత్రం కావ్యాలలో అంతగా కనిపించదు. ఈ పాఠం ఆ పెట్టను గురించినది.

రంగుల వెనుక కథ

కోడిగుడ్డు అనగానే తెలుపు, లేత గోధుమ రంగులు మాత్రమే స్ఫురిస్తాయి. ఆకాశం వంటి లేత నీలం, లేత ఆకుపచ్చ, ముదురు చాక్లెట్ రంగు గుడ్లు పెట్టే కోళ్లు కూడా లోకంలో ఉన్నాయి. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో మపూచే అనే ఆదివాసీ ప్రజల కోళ్లు నీలి గుడ్లు పెట్టేవి. స్పెయిన్ దేశపు కోళ్ల శాస్త్రవేత్త సాల్వడార్ కాస్టెల్లో 1914లో చిలీలో ఈ కోళ్లను చూశాడు. 1921లో హేగ్ నగరంలో జరిగిన మొదటి ప్రపంచ కోళ్ల మహాసభలో వాటిని గురించి వివరించాడు. చిలీలోని అరౌకానియా ప్రాంతం పేరు మీద ఈ జాతికి అరౌకానా అనే పేరు స్థిరపడింది.

ఆ తరువాత ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్ర ఆచార్యుడు రెజినాల్డ్ పన్నెట్ చిలీ కోళ్ల సంతతిపై పరిశోధన చేశాడు. నీలి రంగుకు కారణమైన జన్యువు బహిర్గత లక్షణం కలదని 1933లో ప్రకటించాడు. అంటే తల్లి, తండ్రులలో ఏ ఒక్కరి నుంచి ఆ జన్యువు సంక్రమించినా పుట్టిన పెట్ట నీలి ఛాయ గల గుడ్లే పెడుతుంది. సుమారు ఎనభై ఏళ్ల తరువాత, 2013లో, ఈ జన్యువు పుట్టుక గురించి మరింత ఆశ్చర్యకరమైన సంగతి బయటపడింది. ఒకానొక కాలంలో కోడి జన్యుపదార్థంలోకి చొరబడిన ఒక వైరస్ శకలమే ఈ మార్పునకు కారణమని శాస్త్రజ్ఞులు నిరూపించారు. చైనాలోని కొన్ని దేశవాళీ కోళ్లలోనూ ఇటువంటి శకలమే ఉంది. కానీ అది అక్కడ వేరుగా, చిలీ కోళ్లతో సంబంధం లేకుండా చేరింది. ప్రకృతి ఒకే చిత్రాన్ని రెండు చోట్ల విడివిడిగా గీసిందన్నమాట.

గుడ్డుకు రంగు పట్టే విధానం తెలుసుకోదగినది. అండాశయం నుంచి వెలువడిన పచ్చసొన సంపూర్ణమైన గుడ్డుగా మారడానికి ఇరవై నాలుగు నుంచి ఇరవై ఆరు గంటలు పడుతుంది. అండవాహికలో ముందు తెల్లసొన, తరువాత పలుచని పొరలు చేరుతాయి. పెంకు ఏర్పడడానికే దాదాపు ఇరవై గంటల కాలం అవసరం. పెంకు అంతా ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. అది స్వభావసిద్ధంగా తెల్లనిది. నీలి గుడ్లు పెట్టే కోడిలో బిలివర్డిన్ అనే వర్ణకం పెంకు తయారవుతుండగానే అందులో కలిసిపోతుంది. అందువల్ల నీలి గుడ్డును పగులగొట్టి చూస్తే పెంకు లోపలి వైపు కూడా నీలంగానే ఉంటుంది. గోధుమ రంగు గుడ్డులో ప్రోటోపార్ఫిరిన్ అనే వర్ణకం చివరి గంటలలో పెంకుపై పూతగా చేరుతుంది. దాని పెంకు లోపలి వైపు తెల్లగానే ఉంటుంది. నీలి పెంకుపై గోధుమ పూత పడితే గుడ్డు ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఫ్రాన్సు దేశపు మరాన్స్ జాతి గుడ్లపై ఈ గోధుమ పూత దట్టంగా ఉండడం వల్ల అవి చాక్లెట్ రంగులో ఉంటాయి.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవలసి ఉంది. పెంకు రంగును బట్టి గుడ్డులోని పోషక విలువ మారదు. తెల్ల గుడ్డు కంటె గోధుమ గుడ్డు బలవర్ధకమనే నమ్మకంతో ఎక్కువ ధర చెల్లించేవారు ఎందరో ఉన్నారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజ, గ్రామప్రియ కోళ్లు గోధుమ రంగు గుడ్లే పెడతాయి. వాటి విలువ పెంకు రంగులో లేదు. పెరటిలో తిరిగి బతకగల వాటి శక్తిలో, నాటుకోడి కంటె ఎక్కువ గుడ్లు పెట్టగల లక్షణంలో ఉంది. కోడి తినే మేతను బట్టి పచ్చసొన రంగు మారుతుంది, గుడ్డులోని కొన్ని పోషకాలూ మారుతాయి. పెంకు రంగు మాత్రం వంశాన్ని బట్టి వస్తుంది.

అందానికి చెల్లించే మూల్యం

అరౌకానా కోడికి చెవుల దగ్గర ఈకల కుచ్చులు ఉంటాయి. చూడడానికి ఎంతో ముచ్చటగా ఉండే ఆ కుచ్చుల వెనుక ఒక విషాదం దాగి ఉంది. కుచ్చులను కలిగించే జన్యువు ఒక్క పాలు ఉంటే పిల్ల బతుకుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా రెండు పాళ్లు చేరితే పిల్ల గుడ్డులోనే, పొదుగు పూర్తికాక ముందే మరణిస్తుంది. కుచ్చులున్న పుంజును, కుచ్చులున్న పెట్టతో జతకట్టిస్తే నాలుగింట ఒక వంతు పిల్లలకు ఈ గతి పట్టే అవకాశం ఉంది. ఈ కారణం చేత అమెరికాలోని పెంపకందారులు కుచ్చులు లేని, గడ్డం ఈకలు గల మరొక నీలిగుడ్ల జాతిని స్థిరపరచారు. అదే అమెరౌకానా. 1984లో అమెరికా కోళ్ల సంఘం దీనిని ప్రత్యేక జాతిగా గుర్తించింది. అందం కంటె ప్రాణం మిన్న అనే విచక్షణకు ఇది ఒక నిదర్శనం.

తల్లి లేని పిల్లలు

రంగుల గుడ్ల మీద మోజు నేడు అమెరికా పెరళ్లలో అధికంగా కనిపిస్తుంది. అక్కడ హేచరీలు ఒకరోజు వయసు పిల్లలను తపాలా ద్వారా కూడా పంపుతాయి. 1918 నుంచి ఆ దేశపు తపాలా శాఖ ఈ సేవ చేస్తున్నది. ఇరవై ఒక్క రోజుల పొదుగు ముగిసి పెంకు పగిలే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను తన కడుపులోకి తీసుకొంటుంది. ఆ నిల్వతో రెండు మూడు రోజులు మేత, నీరు లేకపోయినా తట్టుకోగలదు. తల్లికోడి గుడ్లన్నీ పిల్లలయ్యే వరకు గూటిని విడవకుండా ఉండడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. దానినే మనిషి రవాణాకు అనుకూలంగా మలచుకొన్నాడు.

పెట్టె తెరిచిన క్షణం నుంచి మనిషే తల్లికోడి స్థానంలో నిలవాలి. పల్లెలో పిల్లలకోడిని చూసినవారికి ఈ బాధ్యత ఎంతటిదో తెలుస్తుంది. చలి వేస్తే రెక్కల చాటున దాచుకోవడం, గింజ కనిపిస్తే పిలిచి చూపడం, గద్ద నీడ పడితే హెచ్చరించడం వంటివన్నీ తల్లికోడి చేసే పనులు. అవన్నీ ఇప్పుడు పెంపకందారు చేయవలసినవే.

మొదటిది వెచ్చదనం. పుట్టిన పిల్ల ఒంటిపై నూగు తప్ప ఈకలు ఉండవు. తన శరీరపు వేడిని తాను నిలుపుకోలేదు. బ్రూడర్ అనే వెచ్చని గదిలో మొదటి వారం సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. ఆ తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవాలి. ఆరు వారాలకు ఈకలు నిండుగా వచ్చిన పిల్లకు ఇక దీపంతో పని ఉండదు. తెలుగు నేలపై వేసవి పగటిపూట ఈ దీపం అవసరం అంతగా ఉండదు. రాత్రివేళ, చలికాలంలో తప్పదు. ఉష్ణమాపకం కంటె పిల్లల నడవడిక నిజం చెబుతుంది. దీపం కింద ఒకదానిపై ఒకటి గుంపు కడితే వాటికి చలి వేస్తున్నట్లు. దీపానికి దూరంగా జరిగి, నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్లు. అన్ని వైపులా పరుచుకొని హాయిగా మేస్తుంటే వేడి సరిపోయినట్లు. దీపాన్ని గట్టిగా బిగించి ఉంచాలి. అది జారి పొట్టుపై పడితే నిప్పు అంటుకొనే ప్రమాదం ఉంది.

రెండవది నీరు. పిల్ల ముక్కును ఒకసారి నీటిలో ముంచితే తాగడం నేర్చుకొంటుంది. పాత్ర లోతుగా ఉంటే అందులో పడి మునిగిపోతుంది. కాబట్టి లోతు తక్కువ పాత్రలో శుభ్రమైన గులకరాళ్లు వేసి నీరు పోయాలి. మూడవది పరుపు. నున్నని కాగితంపై పిల్లల కాళ్లు జారి పక్కలకు చీలిపోతాయి. వరిపొట్టు గాని, రంపపు పొట్టు గాని పరిస్తే కాళ్లకు పట్టు దొరుకుతుంది. ప్రయాణపు బడలికలో కొన్ని పిల్లలకు రెట్ట ఎండి వెనుక భాగం మూసుకుపోతుంది. గోరువెచ్చని నీటితో మెల్లగా మెత్తబరచి తుడవకపోతే ఆ పిల్ల ఒకటి రెండు రోజులలో ప్రాణం కోల్పోతుంది. పని చిన్నదే అయినా ప్రాణం నిలిచేది దాని మీదే.

మేత, ఆరోగ్యం

మొదటి ఎనిమిది వారాలు పద్దెనిమిది నుంచి ఇరవై శాతం మాంసకృత్తులు గల పిల్లల దాణా ఇవ్వాలి. ఆ తరువాత మాంసకృత్తులు తగ్గించిన పెరుగుదల దాణాకు మారాలి. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో పెంకు కోసం కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం దాకా ఉంటుంది. త్వరగా గుడ్లు పెడతాయన్న ఆశతో ఆ దాణాను చిన్న పిల్లలకు వేస్తే వాటి మూత్రపిండాలు చెడిపోతాయి. తొందరపాటు ఇక్కడ విషంతో సమానం. ఆరుబయట గింజలు, గడ్డి తినే కోడికి పళ్లు లేవు. అది మింగిన చిన్న రాళ్లు కందనకాయలో చేరి మేతను నలగగొడతాయి. కాబట్టి కట్టివేసి పెంచేవారు ఇసుక రాళ్లను విడిగా అందుబాటులో ఉంచాలి.

తడి పొట్టు పిల్లలకు పెద్ద శత్రువు. తేమలో వృద్ధి చెందే కాక్సిడియా అనే సూక్ష్మజీవి పేగులను దెబ్బతీస్తుంది. పిల్లలు ముడుచుకొని నిలబడినా, రెట్టలో రక్తం కనిపించినా ఆలస్యం చేయక పశువైద్యుని సలహా తీసుకోవాలి. పల్లెవారు కొక్కెర రోగమని పిలిచే రాణీఖేత్ వ్యాధి వస్తే ఊళ్లోని గూళ్లన్నీ ఖాళీ అవుతాయి. దానికి మందు లేదు. సకాలంలో వేయించే టీకా ఒక్కటే రక్షణ. అడవి పక్షుల రెట్ట మేతలో, నీటిలో పడకుండా చూడడం పక్షిజ్వరం నుంచి కాపాడుకొనే మొదటి మెట్టు. కోళ్లను తాకిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆరోగ్యంగా కనిపించే కోడి నుంచి కూడా సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి మనిషికి సోకవచ్చు. ముద్దుగా ఉన్నాయని పసిపిల్లలు కోడిపిల్లలను ముఖానికి హత్తుకోకుండా పెద్దలు చూడాలి.

ఈకలు వచ్చిన పిల్లలు పెరటిలోకి అడుగుపెట్టిన నాటి నుంచి కొత్త భయాలు మొదలవుతాయి. పగలు గద్ద, డేగ, కుక్క. రాత్రి పిల్లి, ముంగిస, పాము పొంచి ఉంటాయి. అమెరికాలో రకూన్ అనే జంతువు గూటి గడియను తన చేతులతో తీయగలదు. చీకటి పడే వేళకు కోళ్లు తమంతట తామే గూటికి చేరుతాయి. తలుపు వేయడం మాత్రం మనిషి పని. ఒక్క రాత్రి మరచిన తలుపు ఐదు నెలల శ్రమను తుడిచివేయగలదు.

లెక్కలోకి రాని పిల్లలు

గుడ్ల కోసం కోళ్లు పెంచేవారు ఆలోచించవలసిన మరొక విషయం ఉంది. పొదిగిన పిల్లలలో దాదాపు సగం పుంజులే. గుడ్ల పరిశ్రమకు పుంజుతో పని లేదు. అది గుడ్డు పెట్టదు, మాంసానికి త్వరగా ఎదగదు. అందువల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా వందల కోట్ల పుంజుపిల్లలను పుట్టిన రోజునే చంపివేస్తున్నారు. కావ్యాలలో వీరుడైన పక్షికి ఆధునిక పరిశ్రమలో దక్కిన స్థానం ఇది. జర్మనీ 2022 జనవరి నుంచి ఈ పద్ధతిని చట్టం ద్వారా నిషేధించింది. గుడ్డు దశలోనే లింగాన్ని కనుగొనే యంత్రాలు కొన్ని దేశాలలో వాడుకలోకి వచ్చాయి.

ఈ సమస్యలో కొంత భాగానికి కేంబ్రిడ్జి పరిశోధకులు ముందుగానే ఒక మార్గం చూపారు. పన్నెట్, మైకేల్ పీజ్ కలిసి, పుట్టిన నాడే నూగు రంగును బట్టి లింగం తెలిసే జాతులను రూపొందించారు. 1929లో వచ్చిన కాంబార్ వాటిలో మొదటిది. తరువాత వచ్చిన క్రీమ్ లెగ్‌బార్ నీలి గుడ్లు పెట్టే జాతి. దాని పెట్టపిల్ల వీపుపై ఉడుతకున్నట్లు ముదురు చారలు స్పష్టంగా ఉంటాయి. పుంజుపిల్ల పాలిపోయిన రంగులో, తలపై లేత మచ్చతో కనిపిస్తుంది. ఈ ఉపాయంతో పెంపకందారు పొరపాటు తప్పుతుందే గాని పుంజుపిల్ల గతి మారదు. అమెరికాలోని అనేక నగరాలు పెరటిలో పెట్టలను అనుమతించి పుంజులను నిషేధించాయి. తెల్లవారకముందే వినిపించే కూత ఇరుగుపొరుగువారికి ఇబ్బంది అని వాటి వాదన. ముద్దుగా పెంచిన పిల్ల మూడు నెలలు గడిచాక కూయడం మొదలుపెడితే ఆ ఇంటివారు దిక్కుతోచక నిలబడతారు. పుంజు అయితే ఏమి చేయాలి అనే ప్రశ్నకు సమాధానం పిల్లలను తెచ్చుకోక ముందే సిద్ధం చేసుకోవడం వివేకం.

నిరీక్షణ

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లు, పిల్లలు వచ్చిన వారానికే నీలి గుడ్ల బుట్టను ఊహించుకొనేవారికి పెట్ట ఓర్పు నేర్పుతుంది. తెల్ల గుడ్ల లెగ్‌హార్న్ పద్దెనిమిది, ఇరవై వారాలకు గుడ్డుకు వస్తుంది. నీలి గుడ్ల అమెరౌకానా, ముదురు గుడ్ల మరాన్స్ తరచుగా ఆరు నెలలు, కొన్ని అంతకు మించి కూడా సమయం తీసుకొంటాయి. పగటి వెలుతురు కోడి శరీరానికి కాలసూచిక. రోజుకు పద్నాలుగు గంటలకు తక్కువ కాని వెలుతురు ఉన్నప్పుడు అండాశయం చురుకుగా పనిచేస్తుంది. శీతదేశాలలో శరదృతువు నాటికి ఎదిగిన పెట్ట పగలు కుంచించుకుపోవడంతో వసంతం దాకా ఆగవచ్చు.

తొలి గుడ్డు రాకను సూచించే గుర్తులు కొన్ని ఉన్నాయి. లేత గులాబి రంగులో ఉన్న తురాయి ఎర్రబడుతుంది. మనిషి చేయి చాచితే పెట్ట రెక్కలు కొద్దిగా విప్పి నేలకు ఒదిగి కూర్చుంటుంది. గంపలోకి తొంగిచూసి, గడ్డిని సర్దుకొని, మళ్లీ బయటకు వస్తుంది. అప్పుడే దాణాను గుడ్ల కోళ్ల దాణాకు మార్చాలి. ఆల్చిప్పల పొడిని వేరే పాత్రలో పెట్టాలి. మెత్తని గడ్డి పరచిన గంపను చీకటిగా, అలికిడి లేని మూల ఉంచాలి.

తొలి గుడ్డు చిన్నదిగా ఉంటుంది. పెంకుపై ఒక్కోసారి నెత్తుటి గీత కనిపిస్తుంది. ఒక్కోసారి పెంకే లేకుండా మెత్తని తిత్తిగా జారుతుంది. శరీరం కొత్త పనికి అలవాటు పడేవరకు ఇవి సహజం. దాని రంగు మాత్రం ఆ పెట్ట జీవితమంతా పెట్టబోయే గుడ్ల రంగును తెలియజేస్తుంది. ఒకే పెట్ట ఒకనాడు నీలి గుడ్డు, మరొకనాడు గోధుమ గుడ్డు పెట్టదు. కాలం గడిచేకొద్దీ ఛాయ కాస్త వెలిసిపోతుంది. ఈకలు రాల్చి కొంతకాలం విశ్రమించి మళ్లీ గుడ్డుకు వచ్చినప్పుడు తిరిగి నిగ్గు తేలుతుంది.

ఈ రంగు పెంపకందారు ఇచ్చినది కాదు. అది ఎన్నో తరాల వెనుక నుంచి వంశపారంపర్యంగా వచ్చినది. పెంపకందారు ఇచ్చినవి వెచ్చదనం, నీరు, మేత, వేళకు మూసిన తలుపు. అవి లేకపోతే ఆ రంగు లోకానికి కనిపించేదే కాదు. అంతటితో బాధ్యత తీరిపోదు. పెట్ట ఏళ్ల తరబడి జీవిస్తుంది. ఏటేటా పెట్టే గుడ్ల సంఖ్య మాత్రం తగ్గుతూ పోతుంది. గుడ్ల బుట్టలోని రంగులను చూసి మురిసినవారు గుడ్డు పెట్టని నాటి కోడిని కూడా తమదిగా చూసుకోవాలి. అప్పుడే ఆ పెంపకం సార్థకమవుతుంది.

పదాలు – అర్థాలు

ప్రసక్తి = ప్రస్తావన
బహిర్గత లక్షణం = ఒక్క జన్యువు ఉన్నా పైకి కనిపించే గుణం
శకలం = ముక్క
వర్ణకం = రంగునిచ్చే పదార్థం
విచక్షణ = మంచిచెడులను వేరుచేసి చూడగల వివేకం
కందనకాయ = పక్షులలో మేతను నలగగొట్టే కండరపు సంచి
తురాయి = కోడి తలపైని ఎర్రని జుట్టు
నిగ్గు = మెరుగు, కాంతి

ప్రశ్నలు

1. నీలి గుడ్డు, గోధుమ గుడ్డు పెంకులకు రంగు పట్టే విధానంలోని తేడాను వివరించండి.
2. అరౌకానా స్థానంలో అమెరౌకానాను స్థిరపరచడానికి గల కారణమేమిటి?
3. తల్లికోడి చేసే పనులను పెంపకందారు ఏ విధంగా చేయవలసి ఉంటుందో తెలపండి.
4. గుడ్ల పరిశ్రమలో పుంజుపిల్లల పరిస్థితిని గురించి మీ అభిప్రాయాన్ని సకారణంగా రాయండి.
5. “పెంకు రంగు మాత్రం వంశాన్ని బట్టి వస్తుంది” అనే వాక్యాన్ని పాఠం ఆధారంగా వ్యాఖ్యానించండి.